గట్టు మీది మనిషి: ఒంటరి ఈతకు ఒక చిన్న చరిత్ర

మా కొలిమిగుండ్ల సీమకు నీటితో ఉన్న చుట్టరికం కొంచెం వింతైనది. ఇక్కడ నీరు నేల పైన కనిపించదు, నేల అడుగున ఇల్లు కట్టుకొని ఉంటుంది. మా మండలంలోని బెలుం గుహలే దీనికి సాక్ష్యం. లక్షల ఏళ్ళపాటు సున్నపురాతిని నీరు కరిగించి తొలిచిన సొరంగాలవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి ఉనికిని నమోదు చేశాడు. దాదాపు శతాబ్దం తరువాత, 1980ల మొదట్లో, డేనియల్ గెబావర్ నాయకత్వాన వచ్చిన జర్మన్ గుహాన్వేషకులు లోపలంతా పాకి, కొలిచి, పటం గీశారు. 3,229 మీటర్లని లెక్క తేలింది. అట్టడుగున పాతాళగంగ అనే చిన్న నీటిపాయ రాతిలోంచి పుట్టి రాతిలోకే పోతుంది. చూడవచ్చు, ఈదడానికి మాత్రం పనికిరాదు!

ఇటువంటి ఊరివాడు ఈత గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. కోనసీమవారో, కృష్ణ ఒడ్డువారో రాయవలసిన విషయం కదా. నంద్యాల వైపు పిల్లలకైనా కుందూనది ఉంది, 1863-70 మధ్య తవ్విన కె.సి. కాలువ ఉంది, మహానందిలో అడుగునున్న గులకరాయి సైతం కనిపించే కోనేరు ఉంది. మాకు ఉన్నవల్లా కపిల బావులు, నాపరాయి తీసి వదిలేసిన గుంతలు. అయినా నీరు తక్కువైన చోటే ఈత ఒక విద్య అవుతుందని నా నమ్మకం. ఏటి ఒడ్డున పుట్టినవాడికి ఈత నడకతో పాటు వచ్చేస్తుంది. మాకు ఎవరో ఒకరు పూనుకొని నేర్పితేనే వచ్చేది.

నాకు నేర్పింది మా జేజినాయన. ఎండిన సొరకాయ బుర్రలు రెండు వీపున కట్టి, నడుముకు మోకు బిగించి, బావి మెట్ల మీంచి తోసేవాడు. మోకు కొస ఆయన చేతిలో ఉండేది. నేను కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకుంటుంటే పైనుంచి ఒకటే మాట: "నీళ్ళతో కొట్లాడొద్దురా నాయనా! కొట్లాడితే నీళ్ళే గెలుస్తాయి." వారం తరువాత ఒక బుర్ర తీసేశాడు. మరో వారానికి రెండోదీ పోయింది. మోకు మాత్రం చాలా రోజులుంది. ఆ మోకు ఎప్పుడు విప్పాడో నాకు గుర్తులేదు. బహుశా నాకు తెలియకుండానే విప్పి ఉంటాడు. గొప్ప గురువులు చేసే పని అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2020లో ఊళ్ళూ నగరాలూ మూతబడినప్పుడు నేను పట్నం వదిలి మళ్ళీ మా ఊరికి చేరాను. పట్నంలో ఉన్నన్నాళ్ళూ ఒక కొలనులో తెల్లవారుజామున ఆరుగురం కలిసి ఈదేవాళ్ళం. ఒకడు బద్ధకిస్తే మరొకడు ఫోను చేసి లేపేవాడు. ఒకరి మోచేయి జారితే పక్కవాడు చెప్పేవాడు. శిక్షకుడు గట్టున నిలబడి ఈల వేసేవాడు. ఊరికి వచ్చాక జట్టు లేదు, ఈల లేదు, గీతలు గీసిన నీలపు కొలను లేదు. ఉన్నది మా చిన్నాయన పొలంలోని రాతికట్టు బావి ఒక్కటే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పన్నెండు మీటర్లు. నాలుగు రోజులు ఈది, అయిదో రోజు మానేశాను. పిలిచేవాడు లేకపోతే మనిషి ఎంత సులభంగా మానేస్తాడో అప్పుడు తెలిసింది.

ఆ మానేసిన రోజుల్లోనే, జట్టు లేకుండా ఈదినవాళ్ళు చరిత్రలో ఎవరెవరు, వాళ్ళు ఎలా నిలబడ్డారు, తప్పులు ఎలా దిద్దుకున్నారు అని వెదకడం మొదలుపెట్టాను. నాకు దొరికినదంతా ఇక్కడ పంచుకుంటున్నాను.

పుస్తకమే గురువైన రోజులు

1571లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తన విద్యార్థులు నీటిలో దిగి ఈదకూడదని శాసించింది. మొదటిసారి పట్టుబడితే కొరడా దెబ్బలు, రెండోసారి పట్టుబడితే బహిష్కారం. కారణం ఊహించడం కష్టం కాదు, మునిగి చచ్చిపోతారన్న భయమే. సరిగ్గా పదహారేళ్ళకు, 1587లో, ఆ కేంబ్రిడ్జి పండితుడే ఎవరార్డ్ డిగ్బీ లాటిన్‌లో ఈత మీద ఒక గ్రంథం ప్రకటించాడు. నీటిలో ఎలా దిగాలి, ఎలా తిరగాలి, వెల్లకిలా ఎలా తేలాలి అన్నీ చెక్క అచ్చుబొమ్మలతో సహా వివరించాడు. నిషేధం వల్ల చావులు ఆగవు, విద్య వల్ల ఆగవచ్చు అన్నది ఆ పుస్తకం వెనుక ఉన్న ఆలోచన. నాలుగు శతాబ్దాలు దాటినా మన ఊళ్ళలో ఈ వాదం ఇంకా తేలలేదు. "బావి దగ్గరికి పోతే కాళ్ళు విరగ్గొడతా" అనే తల్లులు ఒకవైపు, "ఈత రానివాడే మునుగుతాడు" అనే తాతలు మరోవైపు.

డిగ్బీ పుస్తకాన్ని ఆధారం చేసుకొని ఫ్రాన్సులో తెవెనో అనే ఆయన రాసిన పుస్తకం 1696లో వెలువడింది. ఆ పుస్తకం ఎక్కడో సముద్రాల ఆవల బోస్టన్‌లో పెరుగుతున్న ఒక కుర్రవాడి చేతిలో పడింది. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిన్. తెవెనో చెప్పిన భంగిమలన్నీ ఒంటరిగా సాధన చేశాననీ, వాటికి తన సొంతవి కొన్ని చేర్చాననీ, ఉపయోగంతో పాటు సొగసు కూడా ఉండేటట్టు చూసుకున్నాననీ ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అంతేకాదు, చిత్రకారులు రంగులు కలుపుకొనే పలకల వంటి చెక్కలు రెండు చేసుకొని, బొటనవేలు దూర్చడానికి కన్నాలు పెట్టి, అరచేతులకు తొడుక్కొని ఈదేవాడు. వేగం పెరిగిందట, మణికట్లు మాత్రం నొప్పి పుట్టాయట. ఈనాడు ఈతగాళ్ళు చేతులకు తొడుక్కొనే ప్లాస్టిక్ పలకలకు తాతలవి! 1726లో లండన్‌లో ఉన్నప్పుడు చెల్సీ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా థేమ్స్ నదిలో ఈదుతూ, దారి పొడుగునా నీటి పైనా కిందా రకరకాల విన్యాసాలు చేసి చూపాడు.

ఫ్రాంక్లిన్ కథలో నన్ను ఆకట్టుకున్నది ఆ విన్యాసాలు కావు. ఒంటరివాడు తనను తాను రెండుగా చీల్చుకున్న తీరు. ఈదేవాడు ఒకడు, చూసేవాడు మరొకడు. ఒక పలక తయారు చేయడం, వాడి చూడడం, ఏం జరిగిందో గమనించడం, నొప్పి పుడితే మానేయడం. జట్టులో ఉన్నవాడికి ఈ రెండోవాణ్ణి పక్కవాళ్ళు అరువిస్తారు. ఒంటరివాడు సొంతంగా పుట్టించుకోవాలి.

కప్ప ఈత నుంచి బార ఈత దాకా

ఈత పద్ధతుల చరిత్ర చదివితే మనిషి ఎంత మొండివాడో తెలుస్తుంది. 1844లో ఉత్తర అమెరికా మూలవాసులు ఇద్దరు లండన్‌లో ఈత ప్రదర్శన ఇచ్చారు. చేతులను గాలిమరలా తిప్పుతూ, కాళ్ళతో నీటిని కొడుతూ కొలను ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయారు. చూసిన ఆంగ్లేయులు ఆ వేగానికి నివ్వెరపోయి, ఆ పద్ధతి నాగరికులకు తగదని తీర్మానించి, తాపీగా కప్ప ఈతలో ఉండిపోయారు. మూడు దశాబ్దాల తరువాత, 1873లో, ట్రడ్జెన్ అనే ఆయన దక్షిణ అమెరికాలో చూసి నేర్చుకొన్న చేతివాటాన్ని లండన్‌లో చూపించాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో సిడ్నీ నగరంలో, పసిఫిక్ దీవుల ఈతగాళ్ళను చూసి కేవిల్ సోదరులు కాళ్ళ కదలికను సవరించుకొన్నారు. ఈనాడు మనం ఫ్రీస్టైల్ అంటున్న ఈత ఇలా పుట్టింది. తెల్లవాళ్ళు కనిపెట్టలేదు, ఆలస్యంగా ఒప్పుకొన్నారు.

1875 ఆగస్టు 24, 25 తేదీల్లో మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ చానెల్‌ను మొదటిసారి ఈదినప్పుడు ఆ కప్ప ఈతే ఈదాడు. 21 గంటల 45 నిమిషాలు పట్టింది. ఆ ఘనతను మరొకరు అందుకోవడానికి 36 ఏళ్ళు గడిచాయి. ఎన్నోసార్లు ఓడిపోయిన తరువాత 1911లో థామస్ బర్జెస్ దాటాడు. 1926 ఆగస్టు 6న ఇరవై ఏళ్ళ అమెరికా యువతి గెర్‌ట్రూడ్ ఎడెర్లీ అదే జలసంధిని బార ఈతతో పద్నాలుగున్నర గంటల్లో దాటి, అప్పటిదాకా దాటిన మగవాళ్ళందరి కంటె ముందు నిలిచింది. అంతకు ముందు ఏడు ఆమె కూడా ఓడిపోయి తిరిగి వచ్చినదే. ఆ రెండో ప్రయత్నంలో పడవ మీద ఉండి దారి చూపినది, పదిహేనేళ్ళ కిందట ఆ నీటిని తెలుసుకొన్న ఆ బర్జెసే.

ఇక్కడ ఒక తెలుగు మాట గుర్తు చేయకుండా ఉండలేను. మనకు బార అంటే కొలత. రెండు చేతులూ చాచినప్పుడు ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఉన్న దూరం. బావి లోతును, మోకు పొడవును బారల్లోనే లెక్కించేవాళ్ళు. ఈతలో చేయి చాచి నీటిని లాగడాన్ని కూడా మనం బార వేయడమే అంటాం. పొడవుకూ ఈతకూ ఒకే మాట! ఎవరు పెట్టారో కాని, ఈత శాస్త్రమంతా ఆ మాటలో ఉంది. రెండు చేతులూ ఒక్కసారి తిరిగేసరికి తన బారెడు దూరం ముందుకు పోగలిగినవాడు మంచి ఈతగాడు. పోలేకపోతే, అతడు చేతులు తిప్పుతున్నాడే తప్ప బార వేయడం లేదు.

దీనికి కారణం కూడా తేలికైనదే. నీరు గాలి కంటె సుమారు ఎనిమిది వందల రెట్లు చిక్కన. వేగం రెట్టింపైతే నీటి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దానిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కనుక బలం పెంచుకోవడం కంటె అడ్డు తగ్గించుకోవడం లాభం. తల ఎత్తితే నడుము కుంగుతుంది. నడుము కుంగితే మనిషి పడవ కావడం మాని లంగరవుతాడు. మా జేజినాయన ఈ లెక్కలేవీ చదువుకోలేదు, సారం మాత్రం ఒక్క వాక్యంలో చెప్పాడు: కొట్లాడితే నీళ్ళే గెలుస్తాయి.

న్యాయవాది చేసిన సాహసం

మన దేశానికి వస్తే మొదట తలచుకోవలసినవాడు మిహిర్ సేన్. బెంగాలీ. లండన్‌లో న్యాయశాస్త్రం చదువుకొంటున్న రోజుల్లో ఫ్లోరెన్స్ చాడ్విక్ అనే అమెరికన్ యువతి ఇంగ్లిష్ చానెల్ దాటిన సంగతి పత్రికలో చదివి, భారతీయుడు ఎందుకు దాటకూడదు అనుకొన్నాడు. అప్పటికి ఆయనకు చెప్పుకోదగిన ఈత రాదు! అక్కడి వై.ఎం.సి.ఎ. కొలనులో చేరి బార ఈత నేర్చుకొన్నాడు. పలుమార్లు విఫలమై, చివరకు 1958 సెప్టెంబరు 27న 14 గంటల 45 నిమిషాల్లో దాటాడు. ఆ మరుసటి ఏడు సెప్టెంబరు 29న ఆరతీ సాహా ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ అయింది.

మిహిర్ సేన్ అక్కడితో ఆగలేదు. 1966 ఏప్రిల్ 5, 6 తేదీల్లో తలైమన్నారుకూ ధనుష్కోటికీ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదాడు. 25 గంటల 36 నిమిషాలు. అదే ఏడు జిబ్రాల్టర్, డార్డనెల్స్, బోస్ఫరస్, చివరగా అక్టోబరు నెలాఖరులో పనామా కాలువ. అయిదు ఖండాల నీళ్ళు ఒక్క సంవత్సరంలో. ఇవన్నీ జట్టుగా ఈదినవి కావు, నీటిలో ఆయన ఒక్కడే. అయితే పాక్ జలసంధిలో ఆయన వెంట భారత నౌకాదళపు ఓడలు సుకన్య, శారద నడిచాయి. ఇది నేను రెండుసార్లు చదువుకొన్నాను. ఒంటరి సాహసం అని మనం చప్పట్లు కొట్టే ప్రతి దాని పక్కనా ఒక ఓడ ఉంటుంది. కెమెరాకు మాత్రం అందదు.

నీళ్ళంటే భయపడిన మనిషి

మన తెలుగువారిలో గోలి శ్యామల గారి కథ నాకు అన్నిటి కంటె దగ్గరగా తోచింది. సామర్లకోటలో పుట్టి, హైదరాబాదులో యానిమేషన్ రంగంలో పని చేసిన మనిషి. నీళ్ళంటే భయం. నలభై దాటాక ఆ భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకొన్నారు. 2021 మార్చి 19న తలైమన్నారు దగ్గర తెల్లవారకముందే సముద్రంలో దిగి, 13 గంటల 43 నిమిషాల్లో సుమారు ముప్పై కిలోమీటర్లు ఈది ధనుష్కోటి చేరారు. అప్పటికి ఆమె వయసు నలభై ఏడు. బులా చౌదరి తరువాత పాక్ జలసంధిని దాటిన రెండో మహిళగా పేరు వచ్చింది. 2024 డిసెంబరు చివరలో మొదలుపెట్టి 2025 జనవరి మొదట్లో ముగిసేటట్టు, విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సముద్రంలో రోజుకింత చొప్పున 150 కిలోమీటర్లు ఈదారు. యాభై దాటిన వయసులో!

ఈ సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యాభైకి దగ్గరవుతున్న నేను పన్నెండు మీటర్ల బావిని చూసి, చాలదని మూతి ముడుచుకొన్నాను. ఆమె తన భయానికి పొడవు పెట్టుకొని, రోజుకింత అని పంచుకొని, ముందుకు పోయారు. నూట యాభై కిలోమీటర్లను ఎవరూ ఈదలేరు. ఈ రోజు వంతును మాత్రం ఈదగలరు.

చిన్న కొలను, పెద్ద మనసు

బావి చిన్నదని నేను చేసిన ఫిర్యాదుకు జవాబు ఆఫ్రికా నుంచి వచ్చింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ తొలి వంతులో ముగ్గురే పోటీదారులు. ఇద్దరు సంకేతానికి ముందే దూకి అనర్హులయ్యారు. మిగిలినవాడు భూమధ్యరేఖా గినీ దేశపు ఎరిక్ ముసంబాని. అతడు ఈత నేర్చుకొని ఏడాది కూడా కాలేదు. సాధన చేసినది పాతిక మీటర్లయినా లేని ఒక హోటలు కొలనులో. యాభై మీటర్ల కొలనును సిడ్నీలోనే మొదటిసారి చూశాడు. వేల మంది చూస్తుండగా ఒక్కడే దూకి, చివరి మీటర్లలో మునిగిపోతాడేమోనని అందరూ భయపడుతుండగా, 1 నిమిషం 52.72 సెకన్లలో గట్టు పట్టుకొన్నాడు. ప్రపంచం మొదట నవ్వింది, తరువాత లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతడు అక్కడితో మానలేదు. ఈదుతూనే ఉండి ఆ సమయాన్ని తరువాతి ఏళ్ళలో ఒక నిమిషం లోపలికి తెచ్చాడు, 2012లో తన దేశపు ఈత శిక్షకుడయ్యాడు. ఈ చివరి వాక్యం ఎవరూ చెప్పరు. నవ్వు పుట్టించే భాగం దగ్గరే కథ ఆపేస్తారు.

జట్టు ఉన్నవాళ్ళకూ ఒంటరితనం తప్పలేదని 2020 చూపించింది. కేరళ ఈతగాడు సాజన్ ప్రకాశ్ థాయిలాండ్‌లో శిక్షణ పొందుతుండగా కొలనులు మూతబడ్డాయి. నెలల తరబడి నీటికి దూరమయ్యాడు. అయినా 2021 జూన్ 26న రోమ్‌లో రెండు వందల మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్ 'ఎ' ప్రమాణాన్ని అందుకొన్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. నీరు లేని రోజులు కూడా సాధనలో భాగమేనని దీనివల్ల గ్రహించాను. మా బావికి వేసవిలో అడుగంటడం మామూలే కనుక ఇది నాకు పెద్ద ఊరట.

లెక్క అనే శిక్షకుడు

ఇక పద్ధతి సంగతి. అమెరికాలో జేమ్స్ కౌన్సిల్‌మన్ అనే శిక్షకుడు ఉండేవాడు. ఈతగాళ్ళను నీటి అడుగు నుంచి చిత్రీకరించి, చేయి నిజంగా ఏ దారిలో పోతున్నదో చూసినవాడు. ఈతగాడు తాను చేస్తున్నాననుకొనేది ఒకటి, చేస్తున్నది మరొకటి అని ఆ చిత్రాల్లో బయటపడింది. 1968లో ఆయన రాసిన ఈత శాస్త్ర గ్రంథం ప్రపంచమంతటా శిక్షకులకు పాఠ్యపుస్తకమైంది. ఎన్నో ఒలింపిక్ పతకాలకు కారకుడైన ఆయన, 1979లో తన యాభై ఎనిమిదో ఏట, ఇతరులకు నేర్పినది తానే ఆచరించి ఇంగ్లిష్ చానెల్ దాటాడు. ఆ తరువాతి తరంలో టెరీ లాఫ్లిన్ 1996లో ఒక పుస్తకం రాసి, శిక్షకుడు దొరకని నడివయసువాళ్ళకు ఒక ఉపాయం చెప్పాడు: వేగం సంగతి తరువాత, ముందు ఒక దూరానికి ఎన్ని చేతులు వేస్తున్నావో లెక్కపెట్టు.

ఈ ఒక్క మాట నా బావిని కొలనుగా మార్చింది. మొదటి రోజు లెక్కపెడితే పన్నెండు మీటర్లకు పదహారు చేతులు. సిగ్గు వేసింది. ఒక పాత బడి నోటుపుస్తకం తీసి తేదీ వేసి రాశాను. తరువాత ఒక వారమంతా ఒకే ఒక్క సంగతి మీద మనసు పెట్టాను: తల దించి అడుగు వైపు చూడడం. పద్నాలుగైంది. మరో వారం నీటిలోనే ఊపిరి పూర్తిగా వదిలేయడం. అప్పటిదాకా నోట్లో గాలి బిగబట్టి, తల పైకెత్తినప్పుడు వదలడం, పీల్చడం రెండూ ఒక్కసారే చేయబోయి రొప్పేవాణ్ణి. పదమూడైంది. మరో వారం పిడికిళ్ళు బిగించి ఈదడం. పిడికిలితో నీరు పట్టుకోదు కనుక ముంజేయి పని నేర్చుకొంటుంది. ఆ తరువాత వేళ్ళు విప్పితే చేతికి తెడ్డు మొలిచినట్టుంటుంది. రెండు నెలలకు పదకొండుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఉండనీ.

ఒక హెచ్చరిక. చేతులు తగ్గించాలన్న మోజులో తేలుతూ కూర్చొంటే వేగం చచ్చిపోతుంది. అందుకని చేతుల లెక్కకు సెకన్ల లెక్క కలిపి ఒకే అంకెగా రాసుకొంటాను. రెండూ కలిసి తగ్గితేనే తగ్గినట్టు. ఈ అంకె నన్ను పొగడదు, తిట్టదు, నా మొహమాటానికి లొంగదు. పట్నంలో ఈల వేసిన శిక్షకుడి కంటె నిక్కచ్చిగా ఉంటుంది.

గట్టు మీద ఎవరు?

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒకటి కావాలనే దాచాను. చెప్పకుండా ముగిస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా తరగతిలో ఒకడు ఉండేవాడు. గజ ఈతగాడు. నా కంటె ఎంతో బాగా ఈదేవాడు. మునుగీతలో వాడు ఎక్కడ తేలతాడో పందేలు కాసేవాళ్ళం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాపరాయి గుంతకు ఒక్కడే పోయాడు. ఆ గుంతలు పైకి ఎంత అందంగా ఉంటాయో లోపల అంత మోసంగా ఉంటాయి. నిలువునా కోసిన రాతి గోడలు, పాచి పట్టిన పలకలు, పట్టు దొరకదు. లోతు ఎక్కడ ఎంతో తెలియదు. సాయంత్రం మేకలు తోలుకొచ్చేవాళ్ళు గట్టు మీద చొక్కా చూశారు. వాడికి ఏమైందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చూసినవాళ్ళు లేరు. ఈత రాకపోవడం వల్ల కాదు, గట్టు మీద మనిషి లేకపోవడం వల్ల పోయాడని అప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది.

అందుకే వెబ్ పక్కన పడవ, ఎడెర్లీ పక్కన బర్జెస్, మిహిర్ సేన్ పక్కన ఓడలు అని చదివిన ప్రతిసారీ నాకు ఆ చొక్కా గుర్తుకొచ్చింది. జట్టు లేకుండా ఈదడం వేరు, ఎవరూ లేకుండా ఈదడం వేరు. మొదటిది సాధన. రెండోది చావుతో పందెం. చరిత్రలో నిలిచిన ఒంటరి ఈతగాళ్ళు ఎవరూ రెండోది చేయలేదు.

నాలుగు రోజులు ఈది మానేసినవాణ్ణి మళ్ళీ బావికి తీసుకుపోయింది, నిజం చెప్పాలంటే, ఈ చరిత్ర ఒక్కటే కాదు. ఒకనాడు చిన్నాయన ఇంటికొచ్చి, "ఏమప్పా, బావికి రావడం లేదు? నేను పొద్దున్నే పోయి కూచుంటి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన నన్ను చూడడానికి కూచుంటున్నాడని నాకు తెలియదు. పొలం పని మీద వచ్చాడనుకొన్నాను. డెబ్బయి దాటిన మనిషి, ఈత చూస్తే ఏం తోస్తుంది? మర్నాటి నుంచి పక్కన మోకు పెట్టుకొని, నాపరాయి ముక్కలు పాతిక పోగేసి, నేను ఒక్కో గట్టు తాకినప్పుడల్లా ఒక ముక్క అటు జరిపేవాడు. ముక్కలన్నీ అయిపోతే మూడు వందల మీటర్లు. నేను తప్పు లెక్క చెబితే ఒప్పుకొనేవాడు కాదు. "ఇంగొకటుంది. పోయి రా." పోయి వచ్చేవాణ్ణి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవారు ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు లక్షల మంది. అందులో ఇంచుమించు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళు. ఆ ఏడే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ జులై 25ను నీటి మునకల నివారణ దినంగా ప్రకటించింది. మా ఊళ్ళో కపిలలు పోయి బోర్లు వచ్చాయి. బావులు పూడిపోతున్నాయి. గుంతలు మాత్రం పెరుగుతున్నాయి. అంటే ఈత నేర్చుకొనే చోటు తగ్గింది, మునిగే చోటు పెరిగింది. జేజినాయనల తరం చేతిలోని మోకు ఎవరికీ అందకుండా జారిపోయింది.

చిన్నాయనకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, బావి మెట్ల దాకా రాలేడు. ఆయన చోట వీధిలోని మా బంధువుల కుర్రవాడు ఒకడు కూచుంటున్నాడు, ఫోను జేబులో పెట్టుకోవాలన్న షరతు మీద. ప్రతి ఆదివారం మేము చోట్లు మార్చుకొంటాం. వాడి తమ్ముడూ, మరో ఇద్దరు పిల్లలూ వస్తారు. సొరకాయ బుర్రలు దొరకడం లేదు, మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు వీపున కడుతున్నాం. నడుముకు మోకు. కొస నా చేతిలో. వాళ్ళు టపటపా కొట్టుకొంటుంటే పైనుంచి నేను చెప్పే మాట ఏమిటో మీరు ఊహించగలరు.

పోయిన వారం ఒకడికి మోకు విప్పేశాను. వాడికి ఇంకా తెలియదు.